కొన్న ఆటకు మనమే యజమానులమా?

విజ్ఞానశాస్త్రం మానవునికి ప్రసాదించిన సాధనాలలో కంప్యూటరుకు ఈనాడు అగ్రస్థానం లభించింది. చదువుకు, ఉద్యోగానికి, వ్యాపారానికి అది ఎంతగా ఉపకరిస్తున్నదో వినోదానికీ అంతగానే ఉపకరిస్తున్నది. కంప్యూటరు ఆటలు వట్టి కాలహరణమని పెద్దలు కోప్పడడం, కొద్దిసేపే ఆడామని పిల్లలు సమాధానం చెప్పడం మన ఇండ్లలో నిత్యం జరిగేదే. ఆ వివాదంలోకి ఈ వ్యాసం పోదు. డబ్బు చెల్లించి ఆటను కొన్న మనిషికి ఆ ఆటపై ఏమి హక్కు ఉన్నది అనే ప్రశ్నను మాత్రమే ఇక్కడ పరిశీలించదలచాను. ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని రేపు మన కళాశాల గ్రంథాలయంలోని పుస్తకాలకు, ప్రయోగశాలలోని సాఫ్ట్‌వేరుకు కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. కనుక విద్యార్థులూ, కళాశాల సంఘం పెద్దలూ దీనిని కొంత శ్రద్ధతో గమనించవలసి ఉన్నది.

ఈ విషయం నా దృష్టికి వచ్చింది ఒక విద్యార్థి మూలంగా. ఆదిలాబాద్ జిల్లాలోని ఒక మారుమూల పల్లె నుంచి కరీంనగర్ వచ్చి చదువుకుంటున్న ఆ అబ్బాయి, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో సికింద్రాబాదులో ఒక దుకాణంలో ఆట డిస్కు కొన్నాడు. ఖరీదు 999 రూపాయలు. రసీదు కూడా అడిగి తీసుకున్నాడు. సెలవులకు ఊరికి పోయి, అన్నగారి పాత కంప్యూటరులో డిస్కు పెట్టగా ఆట తెరుచుకోలేదు. ముందుగా ఇంటర్నెట్టుకు కలపమన్నది. తరువాత ఖాతా తెరవమన్నది. ఆపైన మిగిలిన భాగాన్ని కంపెనీ సర్వరు నుంచి తెచ్చుకొమ్మన్నది. ఆ ఊళ్లో సెల్‌ఫోను సంకేతమే గుట్ట మీదికి పోతేగాని అందదు. నెల రోజుల సెలవులలో ఒక్కరోజు కూడా అతడు ఆ ఆట ఆడలేకపోయాడు. అదే ఊళ్లో అతని స్నేహితుడు 30 రూపాయలకు తెచ్చుకున్న దొంగ నకలు మాత్రం ఏ ఆటంకం లేకుండా నడిచింది. కళాశాల తెరిచాక ఆ అబ్బాయి నాతో అన్న మాట ఇది: "రసీదు నా దగ్గర ఉన్నది సార్, ఆట వాని దగ్గర ఉన్నది."

ఈ అబ్బాయి గోడు అతనొక్కనిదే కాదు. ప్రపంచమంతటా కంప్యూటరు ఆటలు ఆడేవారు గత ఇరవై ఏండ్లకు పైగా ఇదే మాటను అనేక భాషలలో చెబుతున్నారు. దీని పూర్వాపరాలు తెలియాలంటే తాళం ఎందుకు పుట్టిందో మొదట తెలుసుకోవాలి.

తాళం పుట్టుక

పుస్తకానికి నకలు తీయాలంటే కాగితం, సిరా, శ్రమ కావాలి. కంప్యూటరు ప్రోగ్రాముకు నకలు తీయడానికి క్షణం చాలు. నకలుకూ అసలుకూ తేడా ఉండదు. ఈ గుణం మొదటినుంచీ తయారీదారులను కలవరపెట్టింది. 1976 ఫిబ్రవరిలోనే బిల్ గేట్స్ తన ప్రోగ్రాములను డబ్బు చెల్లించకుండా నకలు చేసుకుంటున్నారని అభిరుచిపరులకు ఒక బహిరంగ లేఖ రాశారు. ప్రోగ్రాము రాసినవానికి ప్రతిఫలం దక్కకపోతే మంచి ప్రోగ్రాములు ఎవరు రాస్తారన్నది ఆయన వాదం. ఆ వాదంలో న్యాయం ఉన్నది.

అందువల్ల కంపెనీలు తాళాలు కనిపెట్టాయి. ఫ్లాపీల కాలంలో డిస్కులో కావాలనే కొన్ని దోషాలు పెట్టేవారు. మామూలు నకలు యంత్రం ఆ దోషాలను నకలు చేయలేదు. కనుక దోషం కనిపించని ఫ్లాపీ దొంగదని ప్రోగ్రాము గుర్తించేది. మరికొన్ని ఆటలు తమతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఫలానా పుటలో ఫలానా మాట ఏమిటని అడిగేవి. 1989లో వెలువడిన "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో మొదటి అంకం దాటగానే రాకుమారుడు ఒక గదిలో ప్రవేశిస్తాడు. అక్కడ అక్షరాల గుర్తులు గల పానీయాలు ఉంటాయి. పుస్తకంలో చూసి సరైన అక్షరం గల పానీయం తాగితేనే ముందుకు దారి. 1990 దశకంలో మన పట్టణాల కంప్యూటరు శిక్షణ కేంద్రాలలో ఈ ఆట ఆడనివారు అరుదు. అసలు పుస్తకం చూసినవారు మాత్రం అంతకన్నా అరుదు.

మన ప్రాంతపు డి.టి.పి. కేంద్రాలకు మరొక రకం తాళం బాగా పరిచయం. ఒకప్పుడు ఉర్దూ పుటలను కాతిబులు చేతితో రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చిన తరువాత ఆ పని క్రమంగా కంప్యూటరుకు మారింది. తెలుగు కూర్పు కూడా అదే కాలంలో మారింది. భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లలో అనేకం డాంగిల్ అనే చిన్న పరికరంతో వచ్చేవి. దానిని కంప్యూటరు వెనుక తగిలిస్తేనే ప్రోగ్రాము తెరుచుకునేది. డాంగిల్ చెడిపోతే, సాఫ్ట్‌వేరు కొన్నవాడే అయినా పని ఆపుకొని కూర్చోవలసిందే. అయినా ఆ తాళంలో ఒక సుగుణం ఉన్నది. తాళంచెవి కొన్నవాని చేతిలోనే ఉండేది. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

డిస్కు నుంచి సర్వరు దాకా

సి.డి.లు వచ్చాక సేఫ్‌డిస్క్, సెక్యురామ్ వంటి తాళాలు ప్రచారంలోకి వచ్చాయి. ఆట నడవాలంటే అసలు డిస్కు డ్రైవులో ఉండితీరాలి. ఈ తాళాలు కంప్యూటరు లోలోపలికి చొచ్చుకొనిపోయి పనిచేసేవి. దాని ఫలితం చాలా ఏండ్ల తరువాత బయటపడింది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు భద్రతా కారణాల వల్ల మైక్రోసాఫ్ట్ ఆ తాళాలకు చోటివ్వలేదు. సేఫ్‌డిస్క్‌తో వచ్చిన పాత ఆటల డిస్కులు ఎంత భద్రంగా దాచుకున్నా కొత్త కంప్యూటరులో తెరుచుకోకుండా పోయాయి. డిస్కు చెడిపోలేదు, ఆటా చెడిపోలేదు. కేవలం తాళమే తుప్పుపట్టింది.

తరువాతి దశలో తాళంచెవి కొన్నవాని ఇంటినుంచి కంపెనీ సర్వరుకు తరలిపోయింది. ఈ పద్ధతిని యాక్టివేషన్ అంటారు. ఆటను మొదటిసారి తెరిచినప్పుడు అది మన కంప్యూటరు భాగాల వివరాలను, మనం కొన్న సంఖ్యను కంపెనీకి పంపుతుంది. సర్వరు సరిచూసి ఒక అనుమతి పత్రం వంటిది తిరిగి పంపుతుంది. ఆ పత్రం ఆ కంప్యూటరుకే చెల్లుతుంది. కంప్యూటరు మార్చినా, ముఖ్యమైన భాగం మార్చినా మళ్లీ అనుమతి కావాలి.

2008 సెప్టెంబరులో వెలువడిన "స్పోర్" అనే ఆటను మూడుసార్లు మాత్రమే యాక్టివేట్ చేసుకోవచ్చునని నిబంధన పెట్టారు. కొనుగోలుదారులు ఆగ్రహించి అమెజాన్‌లో వేలకొద్దీ ఒక్క నక్షత్రపు అభిప్రాయాలు నమోదు చేశారు. కంపెనీ ఆ సంఖ్యను అయిదుకు పెంచింది. అంత గట్టి తాళం వేసినా, ఆ సంవత్సరం అత్యధికంగా దొంగచాటుగా దింపుకున్న ఆటలలో స్పోర్ ముందు వరుసలో నిలిచింది.

2010 మార్చిలో యుబిసాఫ్ట్ కంపెనీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. "అసాసిన్స్ క్రీడ్ 2" అనే ఆటను ఒంటరిగా ఆడుకుంటున్నా సరే, ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్టు ఉండవలసిందేనన్నది. ఆ నెలలోనే ఆ సర్వర్లపై ఎవరో దాడి చేయగా అవి స్తంభించాయి. డబ్బు పెట్టి కొన్నవారు ఆడలేకపోయారు. 2012 మే నెలలో "డయాబ్లో 3" వెలువడిన రోజున సర్వర్లు తట్టుకోలేక లక్షలాది మందికి 37వ నంబరు దోషం అనే సందేశం మాత్రమే కనిపించింది. 2013 మార్చిలో "సిమ్‌సిటీ"కీ ఇదే గతి పట్టింది. ఒంటరిగా కూర్చొని నగరాన్ని నిర్మించుకునే ఆ ఆటకు ఇంటర్నెట్టు తప్పనిసరి అని మొదట చెప్పిన కంపెనీయే, సంవత్సరం తరువాత ఇంటర్నెట్టు లేకుండా ఆడే వీలు కల్పించింది. అంటే ఆ తప్పనిసరి అనేది నిజంగా తప్పనిసరి కాదన్నమాట.

లాంచరు అనే ద్వారపాలకుడు

నేటి ఆటగాళ్లకు మరింత విసుగు పుట్టిస్తున్నది లాంచరు. ఆటకు ముందు తెరుచుకొని, ఖాతా వివరాలు అడిగి, కొత్త మార్పులను దింపి, ప్రకటనలు చూపి, ఆ తరువాతనే ఆటను తెరిచే ప్రోగ్రామును లాంచరు అంటారు. 2003లో వాల్వ్ కంపెనీ ప్రారంభించిన స్టీమ్ వీటిలో ప్రసిద్ధమైనది. 2004 నవంబరులో వచ్చిన "హాఫ్‌లైఫ్ 2" అనే ఆటను దుకాణంలో డిస్కుగా కొన్నవారు కూడా స్టీమ్‌లో ఖాతా తెరవవలసి వచ్చింది. అప్పుడు అది వింతగా తోచింది. తరువాత అదే రివాజు అయింది. 2015లో వెలువడిన ఒక ప్రసిద్ధమైన ఆట డిస్కులో ఆట బదులు స్టీమును అమర్చే చిన్న ప్రోగ్రాము మాత్రమే ఉన్నది.

స్టీమ్ వల్ల మేలు లేదనడం అన్యాయం. ఒకసారి కొన్న ఆటను ఎన్నిసార్లయినా దింపుకోవచ్చు. మార్పులు వాటంతట అవే వస్తాయి. 2015 నుంచి మన రూపాయలలోనే ధరలు నిర్ణయిస్తున్నందున మన విద్యార్థులకు ఆటలు అందుబాటులోకి వచ్చాయి. ముందుగా ఒకసారి ఖాతాలోకి ప్రవేశించి ఉంటే, ఇంటర్నెట్టు లేకుండా ఆడుకునే ఏర్పాటు కూడా ఉన్నది. అయితే ఒక్క ద్వారపాలకునితో వ్యవహారం ముగియలేదు. ప్రతి పెద్ద కంపెనీ తన సొంత లాంచరును పెట్టుకున్నది. స్టీమ్‌లో కొన్న ఆటను తెరిస్తే స్టీమ్ తెరుచుకొని, అది కంపెనీ లాంచరును తెరిచి, అది మరొక ఖాతా అడుగుతుంది. ఒక గదికి రెండు గుమ్మాలు, రెండు గుమ్మాలకు ఇద్దరు కాపలాదారులు.

మన నెట్ సెంటర్లలో ఒక తరం యువకులంతా ఆడిన "జి.టి.ఎ. వైస్ సిటీ"ని రూపొందించిన రాక్‌స్టార్ కంపెనీ 2019లో తన లాంచరును ప్రవేశపెట్టింది. 2021 నవంబరులో ఆ లాంచరు ఒక రోజుకు పైగా పనిచేయలేదు. దానిపై ఆధారపడిన ఆటలు, ఒంటరిగా ఆడుకునేవి సైతం, అంతకాలమూ మూతపడ్డాయి. లాంచరుకు వయోభేదం కూడా ఉన్నది. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, విండోస్ 8లపై స్టీమ్‌కు మద్దతు నిలిపివేశారు. విండోస్ 7 కోసమే తయారైన ఆటను, విండోస్ 7 కంప్యూటరు కోసమే కొన్నవానికి ఇప్పుడు ఆ ఆట ఆడడానికి కంప్యూటరు మార్చుకోవలసిన అగత్యం ఏర్పడింది.

మన ప్రాంతపు లెక్క

ఈ తాళాలను రూపొందించినవారు తమ పట్టణాల వంటి పట్టణాలనే ఊహించుకున్నారు. నిరంతరం విద్యుత్తు, నిరంతరం ఇంటర్నెట్టు ఉండడం వారికి సహజం. మన పరిస్థితిని కొంచెం లెక్కవేసి చూద్దాం. 2004 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్. 15 జి.బి. పరిమాణం గల ఆటను ఆ వేగంతో దింపుకోవాలంటే ఎక్కడా ఆగకుండా 5 రోజులకు పైగా పడుతుంది. నడుమ కరెంటు పోతే లెక్క మారుతుంది. 2023లో ఈ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. కాని ఆటల పరిమాణం అంతకన్నా వేగంగా పెరిగింది. నేడు 100 జి.బి. ఆటలు సర్వసాధారణం. 2 మెగాబిట్ల వేగంతో అటువంటి ఆటకు 4 రోజులకు పైగా కావాలి.

2016 తరువాత చవకగా ఇంటర్నెట్టు లభించి కరీంనగర్ పట్టణంలో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గిన మాట నిజమే. కాని ఏజెన్సీ ప్రాంతపు గూడేలలో, అడవి అంచు పల్లెలలో, హాస్టలు గదులలో పరిస్థితి వేరు. కుటుంబమంతటికీ ఒకటే ఫోను, ఆ ఫోనుకు రోజుకు ఒకటిన్నర జి.బి. పరిమితి ఉన్న ఇండ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి పిల్లవానికి ఆట ధర 999 రూపాయలతో ఆగదు. అమ్మేవాడు డబ్బా మీద చిన్న అక్షరాలలో రాసిన షరతు, ఆ పిల్లవాని విషయంలో వస్తువు మొత్తాన్నీ నిరర్థకం చేస్తుంది.

కంపెనీల వాదన

న్యాయంగా ఆలోచించేవారు రెండవ పక్షాన్నీ వినాలి. ఒక పెద్ద ఆట తయారు కావడానికి వందలాది మంది కళాకారులు, ప్రోగ్రామర్లు, సంగీతజ్ఞులు సంవత్సరాల తరబడి శ్రమిస్తారు. అటువంటి ఆటల అమ్మకాలలో చాలాభాగం మొదటి కొద్ది వారాలలోనే జరుగుతుంది. ఆ కొద్ది వారాలు దొంగ నకళ్లను ఆపగలిగితే చాలునని కంపెనీలు భావిస్తాయి. 2014 నుంచి వాడుకలో ఉన్న డెనువో అనే తాళం ఉద్దేశం ఇదే. ఆటలోని ముఖ్యభాగాలను గూఢలిపిలోకి మార్చి, అనుమతి లేనిదే అవి పనిచేయకుండా చేస్తుంది.

మన దేశంలో, మన పట్టణంలో దొంగ నకళ్లు లేవని ఎవరూ అనలేరు. ఒకప్పుడు నెట్ సెంటర్లలో ఆడిన ఆటలలో డబ్బు చెల్లించి కొన్నవి ఎన్నో చెప్పనక్కరలేదు. దొంగ నకలు వాడడం తప్పు మాత్రమే కాదు, నేరం కూడా. కాపీరైటు చట్టంలోని 63బి నిబంధన ప్రకారం దొంగ ప్రోగ్రామని తెలిసీ వాడినవారికి 7 రోజుల నుంచి 3 సంవత్సరాల దాకా జైలుశిక్ష, 50,000 రూపాయల నుంచి 2 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. పైగా ఉచితమని దింపుకున్న నకళ్లతో వైరస్ వచ్చి, ప్రాజెక్టు పని పోగొట్టుకున్న విద్యార్థులు మనలోనే ఉన్నారు.

అయినా ఒక సందేహం మిగిలే ఉంటుంది. తాళం దొంగను ఆపుతున్నదా, యజమానిని ఆపుతున్నదా? దొంగ నకలు తయారుచేసేవాడు మొదట చేసే పని తాళాన్ని తొలగించడం. కనుక దొంగ నకలు వాడేవానికి తాళం బాధ ఉండదు. డబ్బు చెల్లించినవానికి మాత్రమే ఉంటుంది. 2021లో "రెసిడెంట్ ఈవిల్ విలేజ్" అనే ఆట విషయంలో తాళం తీసిన దొంగ నకలు అసలు ఆటకన్నా సాఫీగా నడుస్తున్నదని పరీక్షలలో తేలింది. అప్పుడు కంపెనీయే సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

తాళం లేకుండా వ్యాపారం సాగదా అంటే సాగుతుందని కూడా రుజువైంది. పోలండు దేశపు సి.డి. ప్రాజెక్ట్ సంస్థ 2008లో ప్రారంభించిన జి.ఒ.జి. అనే అంగడిలో ఆటలను ఏ తాళం లేకుండా అమ్ముతారు. దింపుకున్న ఆటను మన డిస్కులో దాచుకోవచ్చు, లాంచరు లేకుండా ఆడుకోవచ్చు. అదే సంస్థ 2015లో "విచర్ 3" అనే భారీ ఆటను మొదటిరోజు నుంచే అక్కడ తాళం లేకుండా అమ్మింది. అయినా అది ఆ కాలపు అత్యంత విజయవంతమైన ఆటలలో ఒకటిగా నిలిచింది.

సరుకా, సేవయా?

ఇక చట్టం సంగతి. ఈ ప్రశ్నపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక ముఖ్యమైన తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన దావాలోనే వచ్చిందని చాలామందికి తెలియదు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో భాగంగా ఉన్న కాలంలో, దుకాణంలో దొరికే తయారు సాఫ్ట్‌వేరుపై రాష్ట్ర ప్రభుత్వం 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను అడిగింది. సాఫ్ట్‌వేరు మేధస్సుకు సంబంధించినది, చేతికి తగిలే వస్తువు కాదు, కనుక అది సరుకు కాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు పోయింది. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పుస్తకం, చిత్రపటం, సంగీతపు క్యాసెట్టు కొన్నవాడు కాగితాన్నో టేపునో కొనడం లేదు, అందులోని సృష్టినే కొంటున్నాడు. అయినా అవి సరుకులే. అలాగే డిస్కులో పెట్టి అమ్మిన సాఫ్ట్‌వేరు కూడా సరుకే, దానికి అమ్మకపు పన్ను చెల్లవలసిందే అన్నది తీర్పు సారాంశం. 2021 మార్చి 2న ఆదాయపు పన్నుకు సంబంధించిన మరొక వ్యాజ్యంలో కూడా, సాఫ్ట్‌వేరు ప్రతిని అమ్మడం వేరు, దాని కాపీరైటును ఇవ్వడం వేరు అని సుప్రీంకోర్టు వివరించింది.

అంటే పన్ను వసూలు చేసేటప్పుడు అది అమ్మకం, మనం కొన్నది సరుకు. కాని అదే డబ్బాలోని ఒప్పంద పత్రం తెరిచి చూస్తే, మేము మీకు ఏమీ అమ్మలేదు, వాడుకోవడానికి లైసెన్సు మాత్రమే ఇచ్చాము, దానిని ఎప్పుడైనా రద్దు చేయవచ్చు అని ఉంటుంది. వెల మాత్రం అమ్మకపు వెల, హక్కు మాత్రం కిరాయి హక్కు. సైకిలును గంటకింతని కిరాయికి తెచ్చుకుంటే సాయంత్రానికి తిరిగి ఇవ్వవలసి ఉంటుందని మనకు ముందే తెలుసు, ఆ మేరకే డబ్బు ఇస్తాం. సైకిలు కొని రసీదు తీసుకున్న తరువాత దుకాణదారుడు రాత్రి వచ్చి తోలుకొనిపోతే దానిని ఏమంటాం?

డిస్కు పోయి దింపుకోలు వచ్చిన తరువాత పరిస్థితి ఇంకా మారింది. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. విధానంలో ఇంటర్నెట్టు ద్వారా దింపుకునే సాఫ్ట్‌వేరును, ఆటలను సేవల కింద లెక్కించి 18 శాతం పన్ను వేస్తున్నారు. సరుకు మన చేతికి వస్తే మనది. సేవ ఆగిపోతే మన చేతిలో ఏమీ మిగలదు.

కాపీరైటు చట్టంలో కొనుగోలుదారునికి కొంత రక్షణ లేకపోలేదు. న్యాయంగా సంపాదించిన ప్రోగ్రాము పోకుండా, పాడుకాకుండా రక్షణ కోసం నకలు తీసి పెట్టుకోవచ్చునని 52వ నిబంధన అనుమతిస్తున్నది. 2012 సవరణతో చేరిన 65ఎ నిబంధన, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళాన్ని ఛేదించినవారికి 2 సంవత్సరాల దాకా జైలుశిక్ష, జరిమానా ఉంటాయన్నది. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసిన పనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. చట్టం నకలు తీసుకొమ్మన్నది, తాళం వద్దన్నది. సామాన్యుడు ఈ రెంటి నడుమ నిలబడి ఉన్నాడు.

తాళం తీసేవాడు లేనప్పుడు

లైసెన్సు రద్దు అనేది కాగితం మీది మాట మాత్రమే కాదని 2024లో లోకానికి తెలిసివచ్చింది. 2014లో వెలువడిన "ది క్రూ" అనే కారు పందాల ఆటకు నిరంతరం సర్వరు కావాలి. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ ఆ సర్వర్లను మూసివేసింది. తరువాత కొనుగోలుదారుల ఖాతాల నుంచి లైసెన్సును కూడా తొలగించింది. డిస్కు చేతిలో ఉన్నవారికి సైతం అది పనికిరాని బిళ్ల అయింది.

ఈ సంఘటన తరువాత రాస్ స్కాట్ అనే ఆటల వ్యాఖ్యాత "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" అనే ఉద్యమం ప్రారంభించారు. కంపెనీలు సర్వర్లను ఎల్లకాలం నడపాలని వారు కోరడం లేదు. మూసివేసే ముందు ఆటను కొన్నవారు తమంతట తాము ఆడుకోగలిగే స్థితిలో వదిలివెళ్లాలన్నదే వారి కోరిక. ఐరోపా సమాజంలో పౌరులు చట్టం కోరే పద్ధతి కింద పెట్టిన ఈ విన్నపానికి 2025 జూలై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024 సెప్టెంబరులో ఒక చట్టం చేసింది. లైసెన్సు మాత్రమే ఇస్తూ "కొనండి" అనే మాట వాడే అంగడి, ఆ సంగతి కొనుగోలుదారునికి స్పష్టంగా తెలపాలన్నది దాని సారం. అది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం "అనుచిత ఒప్పందం" అనే భావనను ప్రవేశపెట్టింది. సరైన కారణం లేకుండా ఒక పక్షం తనంతట తాను ఒప్పందాన్ని రద్దు చేసుకునే అధికారం ఇచ్చే షరతు దాని కిందికి వస్తుంది. అటువంటి షరతులపై రాష్ట్ర వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. న్యాయశాస్త్రం చదవదలచిన మన విద్యార్థులు ఈ దిశగా ఆలోచిస్తే బాగుంటుంది.

మన కర్తవ్యం

ఇది ఆటల సంగతే గదా, కళాశాలకు ఏమి సంబంధమని సంఘం పెద్దలు అడగవచ్చు. 2009 జూలైలో అమెజాన్, హక్కుల వివాదం కారణంగా, జార్జ్ ఆర్వెల్ రచన "1984" ప్రతిని పాఠకులు కొన్న కిండిల్ యంత్రాల నుంచి దూరం నుంచే తొలగించింది. పాఠకులు డబ్బు తిరిగి పొందారు. కాని వారి పుస్తకం వారి బల్ల మీదనే మాయమైంది. అచ్చు పుస్తకం ఒకసారి మన గ్రంథాలయపు అలమారాలోకి చేరితే తరతరాల విద్యార్థులు చదువుకుంటారు. చందా గడువు ముగియగానే మాయమయ్యే పుస్తకాలతో అలమారా నింపితే, ఒక సంవత్సరం నిధులు రానప్పుడు విద్యార్థి ఏమి చదవాలి?

కనుక ప్రయోగశాలకు గానీ గ్రంథాలయానికి గానీ ఏది కొన్నా నాలుగు ప్రశ్నలు అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలని నా మనవి. ఇంటర్నెట్టు లేకుండా ఇది నడుస్తుందా? కంప్యూటరు మార్చితే మళ్లీ డబ్బు కట్టాలా? కంపెనీ మూతపడితే మన దగ్గర ఏమి మిగులుతుంది? భద్రత కోసం నకలు ఉంచుకోవచ్చునా? సంతృప్తికరమైన సమాధానం రానిచోట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వైపు చూడవచ్చు. లినక్సు, లిబ్రె ఆఫీసు వంటివి ఏ తాళం లేకుండా దొరుకుతున్నాయి. గూగుల్ వెలువరించిన నోటో ఖతులలో తెలుగూ ఉన్నది, ఉర్దూ నస్తాలీఖూ ఉన్నది. ఇటువంటి పత్రికను రెండు భాషలలోనూ డాంగిల్ లేకుండా కూర్చవచ్చు.

విద్యార్థులకు నా సలహా వేరు. దొంగ నకలు జోలికి పోవద్దు. తాళం మీద కోపంతో దొంగ నకలు వాడినప్పుడల్లా తాళం వేసేవానికి మనమే సాకు అందిస్తున్నాము. అలాగని కళ్లు మూసుకొని కొననూ వద్దు. డబ్బా వెనుక రాతను, అంగడి పుటలో తాళం గురించి, ఖాతా గురించి ఉన్న సూచనను చదవండి. తాళం లేకుండా అమ్మేవారి దగ్గర అదే ఆట దొరికితే అక్కడే కొనండి. నడవని ఆటకు డబ్బు వాపసు అడగండి. స్టీమ్‌లో కొన్న 14 రోజులలోపు, 2 గంటల లోపు ఆడి ఉంటే వాపసు కోరే పద్ధతి ఉన్నది.

మన తెలుగులోకి ఉర్దూ నుంచి వచ్చి స్థిరపడిన మాటలలో హక్కు ఒకటి, రసీదు ఒకటి, కిరాయి ఒకటి. ఈ మూడు మాటల అర్థాలు మన పల్లెలోని నిరక్షరాస్యునికి కూడా స్పష్టంగా తెలుసు. రసీదు ఇచ్చినచోట హక్కు ఉండాలి. హక్కు ఇవ్వనివాడు కిరాయి అని చెప్పి, కిరాయి వెలనే తీసుకోవాలి. ఆ విద్యార్థి ఆ 999 రూపాయల రసీదును పారవేయలేదు. ఆట లేకున్నా దానిని దాచుకున్నానని చెప్పాడు. వ్యాపారమూ చట్టమూ ఆ రసీదుకు విలువ కల్పించే రోజు రావాలని, దానికోసం అడిగేవారిలో మన విద్యార్థులు ముందుండాలని ఆశిస్తున్నాను.